వేడినీళ్ళ వంతు

కొత్తగట్టు యంత్రశాల దినచర్య. రాస్తున్నది వరహాలమ్మ.

రోజు 1

వేడినీళ్ళు: పల్లపువీధి వంతు. పాత యంత్రం కాచినవే. గోరువెచ్చన.

కొత్త సర్వర్లు వచ్చాయి. నాలుగు బీరువాలు. ఫ్యాక్టరీలోనే బోర్డులు బిగించి, తీగలు కలిపి, ప్రోగ్రాములన్నీ ఎక్కించి, తలుపులకి సీలు వేసి పంపారు. పడవ మీంచి దింపి గదిలోకి దొర్లించి, ఒక కరెంటు తీగ, ఒక చన్నీళ్ళ గొట్టం, ఒక వేడినీళ్ళ గొట్టం తగిలించారు. అంతే. రెండు గంటల పని. పాత యంత్రాన్ని కూర్చడానికి లోకనాథం మాస్టారికీ నాకూ తొమ్మిదేళ్ళు పట్టింది. మునిగిపోయిన ఊళ్ళ ఆఫీసుల్లోంచి ఏరుకొచ్చిన బోర్డులవి. చేపల ట్రేల్లో వరసగా పేర్చి, ఒక్కో తీగా చేత్తో అతికాం. మాస్టారు పోయి రెండేళ్ళయింది. ఆయనే ఉంటే ఈ బీరువాల చుట్టూ ఒకసారి తిరిగి, లోపలేముందో చూపించమని పట్టుబట్టేవారు.

ఊరి వేడినీళ్ళ తొట్టి చూసుకునే దాలమ్మ వదిన నాలుగింటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. కంపెనీ ఇంజనీరు కమలాకర్ సీలు మీద పసుపు పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. నేను గమనించాను. తలుపు తీస్తే కంపెనీ పూచీ పోతుందట. తలుపున్నది తియ్యడానికి కాకపోతే గోడే కట్టి పంపొచ్చు కదా.

ముప్ఫై రోజులు నడిపి చూడాలి. బాగుందని ముప్ఫయ్యో రోజున నేను సంతకం పెట్టాలి. పెడితే పాత యంత్రాన్ని విప్పేసి, బోర్డులు నీటి పంపులకి వాడేస్తారు.

ఈ సంతకం దేని మీద పెడుతున్నానో ముందే రాసి ఉంచుతాను. గట్టు బయట, నది సముద్రంలో కలిసే చోట, మొగలంక ఉంది. అక్కడ రెండు వందల పన్నెండు మంది పీతలు పెంచుకుని బతుకుతున్నారు. వాళ్ళలో నా పెద్దక్క ఎర్నమ్మ ఒకతె. నేను అప్ప అంటాను. నన్ను పెంచింది ఆమే. తుఫాను వచ్చే ముందు లంక దిగాలా వద్దా అన్నది ఎక్కడ ఎంత నీరొస్తుందో యంత్రం లెక్కగట్టి ఈ గదిలోంచి పంపే పటం చూసే వాళ్ళు తేల్చుకుంటారు. పాత యంత్రానికి ఒక్క పటం వెయ్యడానికి ముప్ఫై ఒక్క గంటలు కావాలి. తుఫాను అంతసేపు ఆగదు. అందుకే కొత్తది తెప్పించాం. ఆ మాట ఒప్పుకుంటాను.

కమలాకర్ ఇచ్చిన కాగితాల కట్ట, పాత యంత్రం బల్ల కుంటుతుంటే కోడు కింద పెట్టాను. కొలిచినట్టు సరిపోయింది.

రోజు 3

వేడినీళ్ళు: నడివీధి వంతు. అరవై అయిదు డిగ్రీలు.

అరవై అయిదని తలుపు మీద రాయగానే బయట గోల మొదలైంది. లెక్కలు చేసేటప్పుడు బోర్డులు కాగుతాయి. వాటి చుట్టూ తిరిగిన నీళ్ళు వేడెక్కి తొట్టిలోకి వస్తాయి. ఆ నీళ్ళలోనే ఊరంతా వడ్లు నానబెట్టి కళ్ళంలో ఆరబోసి ఉప్పుడు బియ్యం చేసుకుంటారు. కట్టెపుల్ల దొరకని ఊరు మరి. అందుకే ఈ పుస్తకంలో మొదటి వరస ఎప్పుడూ వేడినీళ్ళదే. మాస్టారి నాటి నుంచీ అంతే. పొద్దున్నే తలుపు దగ్గరికొచ్చి అందరూ చదివేది ఆ వరసే. గాలీ వానా సంగతి కిందెక్కడో ఉంటుంది. మొగలంకకి వంతు లేదు. గొట్టం అంత దూరం పోదు.

"ఒలే వరాలూ, సూసినావేటి నీల్లు? సెయ్యెట్టలేకపోతన్నాను. నీ పాత డొక్కు ఎప్పుడైనా ఇలాగ కాసిందేటి?" అంది దాలమ్మ వదిన.

"కాసింది. నువ్వు మర్సిపోనావు," అన్నాను. కాయలేదు. ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

పరీక్షకని పాత తుఫాను ఒకటి కొత్తదానికి ఇచ్చాను. నాలుగు గంటల్లో పటం వేసింది. మొగలంక మీదే నలభై గళ్ళు పడ్డాయి. ఏ గడిలో ఎంత నీరొస్తుందో విడివిడిగా చూపించింది. మా అప్ప ఇల్లు ఒక గడి. మంచి పటం. నాకు కడుపు మండింది.

రోజు 6

వేడినీళ్ళు: బావివీధి వంతు. అరవై అయిదు.

ఆకాశం అద్దంలా ఉంది. ఇలాంటి రోజున పటం వెయ్యం. కొత్తదానికి నేను ఏ పనీ ఇవ్వలేదు. అయినా నాలుగు బీరువాలూ కాగుతున్నాయి. గొట్టం మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. పని ఇవ్వకుండా ఈ వేడి ఎక్కడిది?

కమలాకర్ అతిథి గదిలో ఉప్పుడు బియ్యం అన్నం తింటున్నాడు. ఎగువ పట్నం మనిషి, ఆ అన్నం ఇంకా అలవాటు కాలేదు, మెతుకు మెతుకూ విడిగా చూస్తూ తింటున్నాడు. వెళ్ళి అడిగాను.

"మీరేం పని ఇచ్చారు దానికి?"

"నేనేమీ ఇవ్వలేదండి."

"మరి ఎవరిచ్చారు?"

"అంతా ఆర్డర్ ప్రకారమే నడుస్తుందండి."

నేనడిగిందేమిటి, అతను చెప్పిందేమిటి? మంచి మర్యాదస్థుడు. మర్యాద ఎక్కువైనవాళ్ళ దగ్గర నాకు ఊపిరాడదు.

రోజు 11

వేడినీళ్ళు: మెరకవీధి వంతు. ఎవరూ రాలేదు.

పొద్దున్నించీ ముసురు. సముద్రంలో చిన్న వాయుగుండం. కొత్తదానికి మొదటిసారి నిజమైన పని ఇచ్చాను. నాలుగు గంటలు పడుతుందని టీ పెట్టుకున్నాను. టీ చల్లారేలోపే అయిపోయిందంది. నలభై నిమిషాలు. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు: పని పూర్తి. మొగలంక పొడి.

గొట్టాలు పట్టుకు చూశాను. నాలుగూ చల్లగా ఉన్నాయి. లెక్క చేస్తే వేడి పుట్టాలి. తెర మీద ఏమైనా రాయొచ్చు, వేడిని మాత్రం రాసి చూపించలేరు. పని లేని రోజున కాగింది, పని ఉన్న రోజున కాగలేదు. పాత యంత్రానికి కూడా అదే పని ఇచ్చి కూర్చున్నాను. నవ్వేవాళ్ళు నవ్వనీ.

రోజు 13

వేడినీళ్ళు: నడివీధి వంతు. అరవై అయిదు. ఎండ వచ్చింది.

అప్ప పీతల బుట్టలతో పడవ దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. చీర కుచ్చెళ్ళ దాకా బురద.

"పొయ్యిలోకి నీల్లొచ్చీసినాయే వరాలూ. పొయ్యి కరిగిపోనాది."

"లంక పొడిగుంటాదని పటం సెప్పింది గదప్పా?"

"సెప్పింది, మేం ఇన్నాం. పిక్కల్లోతే గదా, పోన్లే అనుకున్నాం. పోయినేడు నీ పాతది పరిగెత్తమంటే పరిగెత్తినాం. ఏటొచ్చింది? గాలీ నేదు, ఏటీ నేదు. మేం తిరిగెల్లేసరికి పీతలన్నీ సచ్చిపోనాయి. ఇక కొత్తది ఏటి సెప్తే అదే. దిగమంటే దిగుతాం, ఉండమంటే ఉంటాం."

"అది అబద్దమాడితేనో?"

"యంత్రానికి అబద్దమెందుకే? నీలాగ దానికి కోపాలున్నాయేటి?"

అని నా తల నిమిరి, రెండు పీతలు గిన్నెలో పడేసి వెళ్ళిపోయింది.

పాత యంత్రం నిన్న సాయంత్రం పని ముగించింది. అంతా అయిపోయాక వచ్చిన జవాబే, కానీ సరైన జవాబు: లంక మీద అడుగున్నర నీళ్ళు. అప్పుడు కొత్త పటంలో గళ్ళు లెక్కపెట్టాను. రోజు 3న లంక మీద నలభై గళ్ళు. రోజు 11న ఒకే ఒక్క గడి. ఆ గడిలో సగం మన గట్టు. ఎత్తునీ పల్లాన్నీ కలిపి సగటు కట్టి, పొడి అనేసింది. అప్ప పొయ్యి ఆ సగటులో కొట్టుకుపోయింది.

రోజు 14

వేడినీళ్ళు: పల్లపువీధి వంతు. అరవై అయిదు.

రెండు పటాలూ పట్టుకుని సర్పంచి గవరయ్య దగ్గరికి వెళ్ళాను. కమలాకర్‌ని పిలిపించారు. వేడినీళ్ళు తెస్తానని ఎన్నికల్లో గెలిచిన మనిషి గవరయ్య. తొట్టి నిండుగా ఉన్నంతకాలం ఆయన కళ్ళకి లోకమంతా నిండుగానే ఉంటుంది.

"గడువు నాలుగు గంటలండి. నలభై నిమిషాల్లోనే ఇచ్చింది," అన్నాడు కమలాకర్.

"అంత తొందరెందుకు? గళ్ళెందుకు పెద్దవైపోనాయి?"

"అది లోపలి ఏర్పాటు. ఫ్యాక్టరీలోనే చేసి పంపుతారు. దింపి తగిలించడం వరకే నా పని. ఆర్డర్ ప్రకారమే ఉంటుందండి."

"ఆ మాట తప్ప మీ ఊళ్ళో ఇంకో మాట నేర్పలేదేటి?"

గవరయ్య నవ్వాడు. "సవతొచ్చిందని ఏడుస్తందేటమ్మా నీ పాత యంత్రం?" అన్నాడు. అరుగు మీదున్నవాళ్ళంతా పకపకలాడారు. దాలమ్మ వదిన కూడా. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడుపు నాకు లేదని రాస్తే అది అబద్ధమే. కానీ ఏడుపున్న మనిషికి కళ్ళు కనపడవా?

రోజు 18

వేడినీళ్ళు: బావివీధి వంతు. ఎవరూ రాలేదు.

వాన. మళ్ళీ పని ఇచ్చాను. మళ్ళీ నలభై నిమిషాలు, మళ్ళీ చల్లటి గొట్టాలు, మళ్ళీ ఒకే గడి. ఈసారి వాయుగుండం ఒరిస్సా వైపు తిరిగిపోయింది కాబట్టి సరిపోయింది.

పన్నెండు రోజుల వేడి రాసిపెట్టుకున్నాను. ఎండ రోజున పని ఇచ్చినా ఇవ్వకపోయినా కాగుతోంది. వాన రోజున పని ఇచ్చినా కాగడం లేదు. కూర్చుని ఆలోచిస్తే ఒకటే తోచింది. లోపల ఉండాల్సినన్ని బోర్డులు లేవు. ఊరికి వేడి చూపించడానికి హీటరు పెట్టారు. నీళ్ళు కాగుతుంటే ఈ ఊళ్ళో ఎవరూ ఇంకేమీ అడగరని కంపెనీకి ఎవరో చెప్పారు. సీలు అందుకే. చెయ్యి అడ్డం పెట్టింది అందుకే. ఎవరు చెప్పి ఉంటారు? గవరయ్యా? ఈ రోజు అతను కమలాకర్‌కి ఎండుచేపలు పంపాడు. నాకెప్పుడూ పంపలేదు.

రోజు 19

వేడినీళ్ళు: మెరకవీధి వంతు. అరవై అయిదు.

మూడో బీరువా సీలు తెంపాను.

హీటరు లేదు. బోర్డులు లెక్కపెట్టాను, నూట ఇరవై ఎనిమిది, రాసిచ్చినన్నీ ఉన్నాయి. ఒక్క తీగ వంకర లేదు. నీటి గొట్టాలు ఒక్కో బోర్డు వెన్ను మీదుగా ఎంత ఒద్దికగా సాగాయంటే, మాస్టారు చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ఎవరో ఎక్కడో మాలాగే మనసు పెట్టి కూర్చారు. తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. సిగ్గేసింది.

కమలాకర్ వచ్చి సీలు ముక్కలు చూశాడు. వంగి వాటిని ఏరుకున్నాడు. "అడిగితే కంపెనీని పర్మిషన్ కోరేవాణ్ణి కదండీ," అన్నాడు. మొదటిసారి అతని మాట మనిషి మాటలా వినిపించింది.

మధ్యాహ్నానికి కంపెనీ నుంచి కబురు. సీలు తెగింది కాబట్టి దూరం నుంచి మార్పులు చెయ్యడం ఆపేస్తున్నారు. తనిఖీ మనిషి వచ్చి చూశాకే మళ్ళీ. అతను వచ్చేది ముప్ఫయ్యో రోజున. గవరయ్య అరిచిన అరుపులు ఈ పుస్తకంలో రాయను.

రోజు 20

వేడినీళ్ళు: నడివీధి వంతు. అరవై అయిదు.

ఎవరితోనూ మాట్లాడలేదు.

రోజు 26

వేడినీళ్ళు: పల్లపువీధి వంతు. ఎవరూ రాలేదు.

ఇది విడతలు విడతలుగా రాస్తున్నాను. ఇప్పుడు పొద్దున్న తొమ్మిది.

పెద్ద తుఫాను. రేపు మధ్యాహ్నం లోపు నది మొగ దగ్గర తీరం తాకుతుంది. కొత్తదానికి పని ఇచ్చాను. ముప్ఫై ఎనిమిది నిమిషాలు. ఒకే గడి. మొగలంక పొడి. పాతదానికి ఇచ్చినా జవాబొచ్చేసరికి తుఫాను దాటిపోయి ఉంటుంది. రేడియోలో అప్పని పిలిచాను.

"పొడన్నాది గదే. మరింకేటి?" అంది.

"నా మాటినప్పా. దిగిపోండి."

"నువ్వు సెప్తే మీ బావ దిగుతాడేటి? ఊరంతా దిగుతాదేటి? పటం సూపించు, దిగుతాం."

చూపించడానికి నా దగ్గర పటం లేదు. అనుమానం ఉంది. అనుమానం చూసి ఎవరూ పీతల్ని వదిలిపెట్టి రారు.

కంపెనీ కాళ్ళు పట్టుకుందామని ఫోను తీశాను. ఆర్డర్ నంబరు అడిగారు. కట్ట బల్ల కోడు కింద ఉంది. లాగితే బల్ల ఒరిగి రెండు ట్రేలు కిందపడ్డాయి. దులిపి విప్పుతుంటే దాలమ్మ వదిన తడిసి ముద్దై లోపలికి వచ్చింది.

"తొట్టి నిండా నీల్లు అలాగే పొగలు కక్కతన్నాయే. నిన్నట్నించీ ఒక్క బిందె తోడలేదు ఎవులూ. మూత సందులోంచి ఆవిరి ఎలిపోతంది, ఏటి సెయ్యమంటావు?"

"ఎందుకు తోడలేదు?" అన్నాను కాగితాలు తిప్పుతూనే.

"వానలో వడ్లెవులు నానబెడతారే? ఆరబెట్టడానికి ఎండుండొద్దా?"

అప్పటికే ఆ కాగితం నా చేతిలో ఉంది. మన ఊరు పెట్టిన ఆర్డర్. పైన కంపెనీవాళ్ళు అచ్చువేసిన మాట: మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది మొదట రాయండి, తరవాతివి ఆ వరసలోనే. కింద చేతిరాత.

ఒకటి: తొట్టిలో నీళ్ళు అరవై అయిదు డిగ్రీలు ఉండాలి, డెబ్భై దాటకూడదు, వడ్లు పగిలిపోతాయి. రెండు: వేడి తొట్టిలోకే రావాలి, సముద్రంలోకి వృథాగా పోకూడదు. మూడు: తుఫాను పటం నాలుగు గంటల్లోపు రావాలి, కుదిరినంత చిన్న గళ్ళతో.

రాత నాదే. గుండ్రటి సున్నాలు, తోకలు సాగదీసిన కొమ్ములు. కింద గవరయ్య సంతకం. ఆయన చదవకుండా పెట్టాడు. నేను ఆలోచించకుండా రాశాను. పొద్దున్నే లేచి ఈ పుస్తకం రాసినట్టే రాశాను. మొదటి వరస వేడినీళ్ళు. చెయ్యి దానంతట అదే వెళ్ళింది.

యంత్రం ఎవరినీ మోసం చెయ్యలేదు. దాని మొదటి పని నీళ్ళు కాచడం. ఎండ రోజున ఊరు నీళ్ళు తోడుకుంటే, పటం పని లేకపోయినా ఏవో ఉత్త లెక్కలు చేసుకుని తొట్టిని కాచింది. వాన రోజున ఎవరూ తోడరు, తొట్టి వేడిగానే ఉంటుంది, ఇంకా పని చేస్తే డెబ్భై దాటుతుంది. అందుకని కాళ్ళు ముడుచుకుని, ఆ కాస్త ఓపికతో అయ్యేంత ముతక పటం వేసి, పని పూర్తి అంది. తుఫాను వచ్చే రోజు వాన రోజే. సరిగ్గా ఆ రోజునే పడుకొమ్మని నేనే రాసిచ్చాను. ఇరవై ఆరు రోజులు గొట్టాలు పట్టుకు చూశాను, పక్క గదిలో తొట్టి మూత ఒక్కసారి ఎత్తి చూడలేదు. ఎవరూ రాలేదని నా చేత్తోనే రాసి, ఎందుకు రాలేదని అడగలేదు.

కంపెనీ అమ్మాయి ఫోనులో మంచిగానే మాట్లాడింది. వరస మార్చడం రెండు నిమిషాల పనే, కానీ సీలు తెగింది కాబట్టి తనిఖీ అయ్యేదాకా మార్చడానికి తన చేతిలో లేదంది. ఆ సీలు తెంపింది కూడా నేనే.

ఇప్పుడు సాయంత్రం నాలుగు.

ఫోను పెట్టేసి దాలమ్మ వదిన రెండు చేతులూ పట్టుకున్నాను. "వదినా, తొట్టి ఖాళీ సెయ్యాలి. ఇప్పుడే. ఊరంతా రావాలి. తోడుతూనే ఉండాలి, నాలుగు గంటలు."

"తోడి ఏటి సెయ్యాలే?"

"పారబొయ్యండి. తానాలు సెయ్యండి. ఏటైనా సెయ్యండి. నీల్లు తోడితేనే అది పనిజేస్తాది. నానే అలాగ రాసిచ్చీసినాను."

ఆమెకి మూడోవంతు అర్థమై ఉంటుంది. నా ముఖం చూసి మిగతాది అడగలేదు. గంగాళం మీద గరిటెతో కొట్టుకుంటూ వానలోకి వెళ్ళింది. రోజూ వంతు వీధిని పిలిచే కూతే వేసింది, కానీ ఏ వీధి పేరూ చెప్పలేదు. "అన్ని వీధులూ రండే! అన్ని వీధులూ!"

వచ్చారు. మొదట బిందెలతో వచ్చి, ఇదేం పిచ్చి అని నిలబడ్డారు. వేడినీళ్ళు నేల మీద పారబొయ్యడం ఈ ఊళ్ళో ఎవరూ చేసిన పని కాదు. బంగారం పారబొయ్యమన్నట్టు చూశారు. దాలమ్మ వదిన ముందు తన గాదె తెరిపించి, నాలుగు బస్తాల వడ్లు వానలోనే తొట్టెల్లో పోయించింది. అవి ఆరక మురిగి కంపు కొడతాయని ఆమెకన్నా ఎవరికి తెలుసు? అది చూశాక అందరూ బిందెలు ఎత్తారు. వరస కట్టారు. కమలాకర్ చొక్కా విప్పి రెండు చేతులా రెండు బకెట్లు అందుకున్నాడు. గవరయ్య కూడా వచ్చాడు. నేను కాగితం చూపిస్తే తన సంతకం కేసి చూసి, నా వైపు చూడకుండా బిందె తీసుకున్నాడు.

పని మళ్ళీ ఇచ్చాను. పది నిమిషాలకి మొదటి గొట్టం గోరువెచ్చనైంది. అరగంటకి నాలుగూ చురుక్కుమన్నాయి. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. బయట వానలో ఊరంతా పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటోంది, పోస్తోంది, పారబోస్తోంది. చన్నీళ్ళు తొట్టిలోకి వస్తున్నాయి, యంత్రం కాస్తోంది, కాయడం కోసం లెక్క చేస్తోంది.

ఒక్క వీధే తోడిన రోజున నాలుగు గంటలు పట్టింది, ఊరంతా తోడితే రెండు గంటలు దాటగానే పటం వచ్చింది. నలభై గళ్ళు. రేపు పదకొండు గంటలకి మొగలంక మీద తొమ్మిది అడుగుల నీళ్ళు. అప్ప ఇంటి గడిలో పది.

రేడియోలో పిలిచాను. లంకలో అందరూ వింటున్నారని తెలుసు.

"అప్పా, పొద్దుట పటం తప్పు. ఆ తప్పు యంత్రానిది కాదు. నానే ఆర్డర్ తప్పు రాసినాను. నీల్లు ముందెట్టినాను, మిమ్మల్ని ఎనకెట్టినాను. ఇప్పుడు సరైన పటం ఒచ్చింది. పది అడుగులు. దిగిపోండప్పా."

"నువ్వేనేటే తప్పు నాదని ఒప్పుకుంటన్నావు?" అంది అప్ప. "అయితే నిజమే. పడవలంపించు."

ఇప్పుడు ఆరు. చివరి పడవ గట్టు గేటు దాటి లోపలికి వచ్చింది. తలలు నేనే లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు. మా బావ పీతల బుట్ట ఒకటి చంకన పెట్టుకునే దిగాడు.

రోజు 27

పది ముప్పావుకే నీళ్ళు వచ్చాయి. పటం చెప్పినదానికి పావుగంట ముందు. గట్టు మీంచి చూస్తే లంక ఉన్నచోట మొగలి పొదల చివళ్ళు కూడా లేవు. అప్ప నా పక్కనే నిలబడి తన ఇల్లు ఎటువైపు ఉండాలో వేలితో చూపించబోయి, చెయ్యి దించేసింది.

రోజు 30

మొగలంక: రెండు వందల పన్నెండు మంది. అందరూ గట్టు లోపలే ఉన్నారు.

తనిఖీ మనిషి వచ్చాడు. సీలు సంగతి అడిగితే తెంపింది నేనేనని చెప్పాను. వడ్ల కంపు ఏమిటని అడిగితే దాలమ్మ వదిన చెప్పింది, అరగంట పట్టింది. కొత్త ఆర్డర్ కాగితం ఈసారి ఊరందరి ముందూ అరుగు మీద కూర్చుని రాశాను. రాసేటప్పుడు నా చెయ్యి మళ్ళీ పాత వరసలోకే పోబోయింది. అప్ప పక్కనుండి మోచేత్తో పొడిచింది. మొదటి వరసలో లంక పేరు రాశాను. గవరయ్య ఈసారి పైకి చదివి మరీ సంతకం పెట్టాడు. రెండు నిమిషాల్లో మార్చేశారు. మబ్బు పట్టిన రోజున వేడి ఎక్కువైతే సముద్రంలోకి పోతుంది. పోనీ.

నేను కూడా సంతకం పెట్టాను. పాత యంత్రాన్ని మాత్రం విప్పనివ్వలేదు. ముప్ఫై ఒక్క గంటలకైనా, కొత్తదాని మాటని సరిచూసే తోడు ఒకటి ఉండాలి. సవతులు కాపురం చేసుకుంటారులే అని గవరయ్య అన్నాడు. ఈసారి నాకూ నవ్వొచ్చింది. కమలాకర్ వెళ్తూ వెళ్తూ, ఇక ముందు ఎక్కడ దింపినా ఆర్డర్ కాగితం తనే మొదట చదువుతానన్నాడు. అతనికి నాలుగు కిలోల ఉప్పుడు బియ్యం కట్టిచ్చాను.

లంకవాళ్ళు బడిలో ఉన్నారు. మూడు రోజులుగా తడి బట్టలే. ఒకామె నిన్న నన్ను ఆపి, ఊళ్ళో నీళ్ళు కాగుతాయట గదా, నిజమేనా అని అడిగింది. నలభై ఏళ్ళ మనిషి. గట్టుకి రెండు మైళ్ళ దూరంలో పుట్టి పెరిగింది.

పొద్దున్నే తలుపు దగ్గరికొచ్చినవాళ్ళు పైనుంచి కింది దాకా అంతా చదవాల్సి వచ్చింది. చదివినవాళ్ళు తమ బిందెలు నింపి బడి వైపు మోశారు.

వేడినీళ్ళు: మొగలంక వంతు. అరవై అయిదు.